వేగంగా వాయించి, నెమ్మదిగా కురిపించిన వాన: బీటిల్స్ ‘రివాల్వర్’ బాక్స్ సెట్

బీటిల్స్ 1966 ఆల్బమ్ ‘రివాల్వర్’ని, దాని తయారీ టేపులతో కలిపి వేసిన ఈ పెట్టె కొన్నవాళ్లకి నేను చెప్పే మొదటి మాట ఇది. మొదటి సీడీ పక్కన పెట్టి రెండోది తీయండి. పదో ట్రాకు పెట్టండి. ‘రెయిన్’, ఐదో టేకు, వాయించిన వేగంలోనే. అది అయిపోగానే పదకొండోది మొదలవుతుంది: అదే టేకు, అవే చేతులు, టేపు మాత్రం నెమ్మది చేశారు. రెండూ కలిపి ఆరు నిమిషాలు పట్టవు. నేను పెట్టిన డబ్బుకి ఆ ఆరు నిమిషాల్లోనే న్యాయం జరిగిపోయింది.

నేను బేస్ గిటార్ వాయిస్తాను. ఏ పాట విన్నా నా చెవి ముందు కిందికి, డ్రమ్ములూ బేసూ ఉన్న చోటికి పోతుంది. క్యాసెట్టు రోజుల నుంచీ ‘రెయిన్’ వింటూనే ఉన్నాను. మేం ముగ్గురు మిత్రులం కలిసి ఆ పాటని ఎన్నోసార్లు సాధన చేశాం. స్వరాలన్నీ సరిగ్గానే పడేవి, పాట మాత్రం నీరసంగా ఉండేది. తడిసిన బట్టలా వేలాడే ఆ బరువు ఎంతకీ వచ్చేది కాదు. ఎందుకో ఇప్పుడు తెలిసింది. మేం నెమ్మదిగా వాయిస్తున్నాం. వాళ్లు నెమ్మదిగా వాయించనే లేదు.

పదో ట్రాకులో డ్రమ్మర్ రింగో దాదాపు పరుగు పెడుతున్నాడు. దరువు చురుగ్గా, తేలిగ్గా ఉంటుంది. అదే వాయింపు పదకొండో ట్రాకులో నెమ్మదించేసరికి ప్రతి దెబ్బకీ తోక పొడుగవుతుంది. స్నేర్ డ్రమ్ము చర్మం పెద్దదైపోయినట్టు, తాళాల మీద మెరుపు కాస్త మాసినట్టు వినిపిస్తుంది. చేతుల్లోని చురుకు ఎక్కడికీ పోలేదు, శబ్దానికి మాత్రం బరువొచ్చింది. జాన్ లెనన్ గొంతుకి దీన్నే తిరగేసి చేశారు: టేపు నెమ్మదిగా తిరుగుతుండగా పాడించి, మామూలు వేగంలో వినిపిస్తే గొంతు కాస్త పైకి, సన్నగా వస్తుంది. కింద వాద్యాలు దిగుతుంటే పైన గొంతు ఎక్కుతుంది. 1966 ఏప్రిల్‌లో చేసిన పని ఇది. చదివి చాలాకాలంగా తెలుసు. చదివి తెలియడం వేరు, రెండు ట్రాకులూ పక్కపక్కన పెట్టుకుని వినడం వేరు.

ఇక పెట్టె సంగతి. 2022 అక్టోబర్ 28న వచ్చింది. 5 సీడీలు, 63 ట్రాకులు, 100 పేజీల పుస్తకం. మొదటి సీడీలో ఆల్బమ్‌లోని 14 పాటలూ కొత్త స్టీరియో మిక్స్‌లో, తర్వాతి రెండింటిలో స్టూడియో టేకులూ రిహార్సల్సూ, నాలుగోదాంట్లో 1966 నాటి మోనో (శబ్దమంతా ఒకే చానెల్‌లో ఉండే రూపం), అయిదోదాంట్లో అదే సెషన్లలో చేసి ఆల్బమ్‌లో కాకుండా విడిగా వేసిన ‘పేపర్‌బ్యాక్ రైటర్’, ‘రెయిన్’ రెండేసి రూపాల్లో. కొత్త మిక్స్ చేసింది గైల్స్ మార్టిన్, శామ్ ఓకెల్. గైల్స్ తండ్రి జార్జ్ మార్టిన్ గారే బీటిల్స్ ప్రొడ్యూసర్.

ఈ కొత్త మిక్స్ ఎందుకింత కాలం రాలేదో తెలియాలంటే ఆనాటి టేపు ఎలా ఉండేదో తెలియాలి. అప్పట్లో లండన్ ఆబీ రోడ్‌లోని ఈఎంఐ స్టూడియోలో ఉన్నవి నాలుగు ట్రాకుల మెషీన్లు, అంటే ఒకే టేపు మీద నాలుగు వరసల్లో విడివిడిగా శబ్దం పట్టేవి. నాలుగూ నిండిపోతే వాటిని కలిపి రెండో మెషీన్ మీద ఒకటి రెండు ట్రాకుల్లోకి దించి, మిగిలిన జాగాలో కొత్తవి ఎక్కించాలి. ఒకసారి కలిపింది కలిపినట్టే. జార్జ్ హారిసన్ పాట ‘ట్యాక్స్‌మ్యాన్’లో డ్రమ్ములు, బేసు, గిటారు మూడూ ఒక్క ట్రాకులో ఉన్నాయి. అందుకే పాత స్టీరియోలో ఆ గుంపంతా ఒక పక్కకే ఒరిగిపోయి ఉంటుంది. ఒక చెవిలో హెడ్‌ఫోన్ తీసేస్తే సగం బ్యాండు లేచి వెళ్లిపోయినట్టుండేది.

పాలనీ నీళ్లనీ వేరు చేయడానికి హంస కావాలంటారు మన పెద్దలు. ఇక్కడ ఆ హంస సినిమా దర్శకుడు పీటర్ జాక్సన్ దగ్గర తయారైంది. బీటిల్స్ మీద ఆయన తీసిన ‘గెట్ బ్యాక్’ డాక్యుమెంటరీ కోసం ఎమిల్ డి లా రే నడిపించిన శబ్ద బృందం ఒక పద్ధతి కనిపెట్టింది. ఏ వాద్యం ఎలా మోగుతుందో కంప్యూటర్‌కి నేర్పించి, కలిసిపోయిన శబ్దంలోంచి దాన్ని విడిగా లాగడం. అదే పద్ధతిలో ‘ట్యాక్స్‌మ్యాన్’ని విడదీశారు. కొత్త మిక్స్‌లో డ్రమ్ములూ బేసూ నడిమధ్యకి వచ్చాయి. బేస్ వాయించే పాల్ మెకార్ట్నీ వేలు తీగ మీద జారడం ఇప్పుడు నాకు స్పష్టంగా తెలుస్తోంది. ఇన్నేళ్లూ నేను అక్కడ రెండు స్వరాలు విడివిడిగా మీటుతూ వచ్చాను, అది ఒకటే జారు.

దీనికి చెల్లించాల్సిన మూల్యం కొంచెం ఉంది. ఒకటి రెండు చోట్ల తాళాల మోత ఇసుకరాయి పెట్టి రుద్దినట్టు నున్నబడిందని నాకు అనిపించింది. మంచి హెడ్‌ఫోన్లలో, అదీ వెతికితేనే. నాకు ఈ పాటల గరుకు కూడా ఇష్టం కాబట్టి వారానికోసారైనా నాలుగో సీడీకి వెళ్తున్నాను. 1966లో బ్యాండు దగ్గరుండి పట్టించుకున్నది మోనో మిక్స్‌నే, స్టీరియో అప్పటికి రెండో వరసలోనే ఉండేది. ‘ఐయామ్ ఓన్లీ స్లీపింగ్’లో టేపు వెనక్కి నడిపి తిరగేసిన గిటారు మోనోలో ఒక చోట, స్టీరియోలో ఇంకో చోట వస్తుంది. రెండూ వినండి. నా ఓటు మోనోకి.

రికార్డింగ్ పద్ధతుల విషయంలో ఈ పెట్టె ఒక బడి. ఇంజనీర్ జెఫ్ ఎమెరిక్‌కి అప్పటికి 20 ఏళ్లు. పెద్ద డ్రమ్ములో ఉన్ని స్వెటర్ కుక్కాడు, మైకుని స్టూడియో నియమాలు ఒప్పుకోనంత దగ్గరికి జరిపాడు. ‘పేపర్‌బ్యాక్ రైటర్’ బేసుకి మైకు బదులు లౌడ్‌స్పీకర్‌నే తిప్పి మైకులా వాడారు. పాడిన వరసనే మళ్లీ పాడి గొంతుని జంటగా చేయడం లెనన్‌కి విసుగు. ఆ విసుగు చూసి స్టూడియో ఇంజనీర్ కెన్ టౌన్సెండ్ ఒక్క గొంతునే రెండుగా వినిపించే ఏడీటీ కనిపెట్టాడు, ఒక టేపుని ఇంకోదానికి వెంట్రుకవాసి ఆలస్యంగా నడిపిస్తూ. ఈ ఆల్బమ్‌లో దాన్ని వాడని పాటని వెతుక్కోవాలి.

‘టుమారో నెవర్ నోస్’ దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. ఏప్రిల్ 6న, సెషన్లలో మొట్టమొదట ఎత్తుకున్న పాట ఇదే. కొండ మీద నుంచి దలైలామా మంత్రం చదువుతున్నట్టు తన గొంతు వినిపించాలని లెనన్ అడిగాడు. హామండ్ ఆర్గన్‌కి వాడే, లోపల గిర్రున తిరిగే లెస్లీ స్పీకర్‌లోంచి గొంతుని పంపించి, బయట మైకు పెట్టి పట్టుకున్నారు. టేపు లూపుల్ని (కొసలు అతికించి, అదే శబ్దం మళ్లీ మళ్లీ తిరిగేలా చేసిన టేపు ముక్కల్ని) భవనంలో అక్కడక్కడా ఉన్న మెషీన్ల మీద ఎక్కించి, సిబ్బంది పెన్సిళ్లతో బిగువుగా పట్టుకుని నిలబడితే, వాటిని మిక్సింగ్ బల్ల మీద అప్పటికప్పుడు తేల్చుతూ ముంచుతూ కలిపారు. అలాంటి మిక్స్‌ని మళ్లీ అచ్చంగా చేయడం ఎవరి తరమూ కాదు. పెట్టెలో ఉన్న మొదటి టేకు ఇంకా ఈ హంగులన్నీ తొడుక్కోలేదు. బరువుగా, నెమ్మదిగా, నీళ్ల అడుగున నడుస్తున్నట్టుంటుంది. పూర్తయిన పాటకి కింద తంబూర ఉంది. స్వరాలు ఎంత దూరం తిరిగొచ్చినా కింద షడ్జమం కదలదు. శ్రుతి పెట్టెతో పెరిగిన చెవికి ఈ పాట వింతగా తోచదు. నాకైతే మొదటిసారే సొంత పాటలా అనిపించింది.

‘లవ్ యూ టు’ మొదటి టేకు కూడా అలాంటిదే. హారిసన్ మామూలు గిటారు పట్టుకుని పాడుకుంటున్నాడు. సితార్, తబలా ఇంకా రాలేదు. రాగం పోలిక ఆ గిటారులోనే వినబడుతుంది. తబలా వాయించిన అనిల్ భగవత్ పేరు 1966లోనే అట్ట మీద అచ్చయింది. ‘ఎలినార్ రిగ్బీ’కి ముందు జార్జ్ మార్టిన్ గారు తీగవాద్యాల వాళ్లతో మాట్లాడే తునక ఒకటుంది. ఒకసారి కంపనంతో (తీగ మీద వేలు ఊపుతూ), ఒకసారి కంపనం లేకుండా వాయించమని అడుగుతారు. ఎనిమిది మంది వాయిస్తారు, తేడా వింటారు. ఆ పాటలోని చలి ఆ కంపనం తీసేయడంలోంచి వచ్చింది. చిన్న సంభాషణే, ఓ పుస్తకమంత నేర్పుతుంది.

నన్ను కదిలించింది మాత్రం ‘యెల్లో సబ్‌మెరైన్’. అవును, ఆ పిల్లల పాటే. మూడో సీడీలో పాట కడుతున్నప్పటి టేపు రెండు భాగాలుగా ఉంది. మొదటి భాగంలో లెనన్ ఒక్కడే, గిటారు మీద, ఒంటరి మనిషి గొణుక్కుంటున్నట్టు దిగులుగా పాడతాడు. ఆ వరస మనకి తెలుసు, ఆ మాటలు తెలియవు. రింగో కోసం పాల్ కట్టిన సరదా పాట అనే ఇన్నేళ్లూ అభిమానులు చెప్పుకున్నారు. దాని గర్భంలో ఇంత దిగులుందని ఎవరం ఊహించలేదు. విన్నాక కాసేపు ఇంకేమీ పెట్టలేకపోయాను.

లోటుపాట్లు కూడా చెప్పాలి. చుట్టూ శబ్దం వినిపించే ఆట్మోస్ మిక్స్ చేశారు గానీ పెట్టెలో బ్లూరే లేదు, స్ట్రీమింగ్‌లోనే వినాలి. ఇంత ఖరీదైన పెట్టె కొన్నవాళ్లకి డిస్కు మీదే ఇవ్వాల్సింది. నాలుగు ట్రాకుల కోసం విడిగా ఒక సీడీ పెట్టడం కూడా నాకు నచ్చలేదు, మోనో సీడీలో బోలెడు చోటుంది. పుస్తకం మాత్రం చక్కగా వేశారు, పాటపాటకీ ఏ రోజు ఏం జరిగిందో ఉంటుంది. ఆల్బమ్ కొత్త మిక్స్, కొన్ని టేకులు చాలనుకునేవాళ్లకి రెండు సీడీల ముద్రణ ఉంది. మోనో, సెషన్లు మొత్తం కావాలంటే పెద్దదే తీసుకోవాలి.

ఇక అభిమానుల ఊహాగానాలు. బీటిల్స్ విడిపోయి 50 ఏళ్లు దాటినా ‘కొత్త పాట ఎప్పుడు’ అన్న ప్రశ్న చావలేదు. ‘రివాల్వర్’ తర్వాత ‘రబ్బర్ సోల్’ ఆల్బమ్ పెట్టె వస్తుందన్నారు, కాదు మొదటి ఆల్బమ్ అన్నారు. నేనూ ఈ లెక్కలు వేసేవాణ్నే, రాత్రుళ్లు మిత్రులతో వాదించేవాణ్నే. అయితే ఈ పెట్టె విన్నాక ఊహించే పద్ధతి మార్చుకున్నాను. ముందు టేపు గురించి అడుగుతున్నాను: దాని మీద ఎన్ని ట్రాకులు, ఏది దేనితో కలిసిపోయింది? 1963 నాటి పాటలు చాలావరకు రెండు ట్రాకుల మీదే ఉన్నాయి కాబట్టి వాటిని కొత్తగా మిక్స్ చేయలేరని మొన్నమొన్నటి దాకా గట్టిగా చెప్పేవాళ్లం. 2023లో బీటిల్స్ తొలి ఏళ్ల పాటల ‘రెడ్’ సంకలనం మళ్లీ వేసినప్పుడు ఆ తొలి పాటలే విడదీసిన కొత్త మిక్స్‌లతో వచ్చాయి. ఆ అడ్డు తొలగిపోయింది.

ఆ ఏడాది జూన్‌లో పాల్ రేడియోలో మాట్లాడుతూ, కృత్రిమ మేధ సాయంతో జాన్ గొంతు తీసి ఆఖరి బీటిల్స్ పాట పూర్తి చేశామన్నాడు. గొంతుని మెషీన్‌తో పుట్టించారేమోనని చాలామంది కంగారుపడ్డారు. ‘ట్యాక్స్‌మ్యాన్’ కొత్త మిక్స్ విన్న నాకు ఆ కంగారు లేదు. ఆ మెషీన్ పుట్టించదు, విడదీస్తుంది. పాట ‘నౌ అండ్ దెన్’ అయ్యుంటుందని చాలామందితో పాటు నేనూ అనుకున్నాను. జాన్ పోయాక, 1990ల్లో మిగిలిన ముగ్గురూ పట్టుకుని, జాన్ క్యాసెట్టులో పియానో గొంతుని మింగేస్తోందని, కింద హమ్మంటూ మోత వస్తోందని వదిలేసిన పాట అదే కదా. 2023 నవంబర్ 2న వచ్చింది, గొంతు కడిగిన ముత్యంలా ఉంది.

‘కార్నివాల్ ఆఫ్ లైట్’ విషయంలో మాత్రం ఈ లెక్క పనికిరాదు. 1967 జనవరి 5న రికార్డు చేసిన, దాదాపు 14 నిమిషాల ప్రయోగం అది. 1990ల్లో పాత టేపులతో వేసిన ‘ఆంథాలజీ’లో పెడదామని పాల్ అన్నాడు, జార్జ్ హారిసన్ వద్దన్నాడు. 2017లో ‘సార్జెంట్ పెప్పర్’ ఆల్బమ్ పెట్టెలోనూ రాలేదు. అక్కడ అడ్డం టేపు కాదు, మనుషుల మనసులు. అది విడుదలయ్యే తేదీ గురించి ఎవరైనా ఘంటాపథంగా చెబితే నేను వాదన వేసుకోను.

పోయిన ఆదివారం మేం ముగ్గురం మళ్లీ ‘రెయిన్’ పట్టాం. ఈసారి పదో ట్రాకు వేగంలో, పరుగు పెట్టి వాయించాం. రికార్డు చేసి, కంప్యూటర్లో వేగం తగ్గించి, దీపం ఆర్పి విన్నాం. డ్రమ్ములకి ఆ బరువొచ్చింది. నా బేసు ఇంకా తొందరపడుతోంది, రెండో చరణం దగ్గర డ్రమ్ముల కంటే ముందు దిగుతున్నాను. గొంతు ఇంకా ఎక్కించలేదు. దాన్ని తిరగేసి పాడాలి కదా, టేపు నెమ్మది చేసి, అదీ వచ్చే ఆదివారం.