150 రూపాయలిచ్చి బ్రౌన్ షీట్లు చూసొచ్చాం

బెజవాడలో చిత్రాల ఎగ్జిబిషన్‌కి టికెట్ మనిషికి 150, ముగ్గురికి 450. లోపలికెళ్తే సగం బొమ్మలకి, పిల్లల పుస్తకాలకి అట్టలేసే బ్రౌన్ షీట్లు అంటించి ఉన్నాయి. ఆ కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

రాజమండ్రి నుంచి రత్నాచల్ ఎక్కి సాయంత్రానికి బెజవాడలో దిగాం. నేను, మా ఆయన, మా వదిన. గాంధీనగర్లో లాడ్జి ఏసీ రూము 1,600. రిమోట్‌కి 200 డిపాజిట్ కట్టించుకుని, చేతికిచ్చాక అందులో బ్యాటరీలు లేవన్నారు. పొద్దున బాబాయ్ హోటల్లో ఇడ్లీ మీద వెన్న, కారప్పొడి పడ్డాకగానీ మా ఆయన మొహం విప్పారలేదు.

ఇక ఎగ్జిబిషన్. మనిషి దేహమే విషయంగా ఇప్పటివాళ్ళు వేసిన బొమ్మలని బయట ఫ్లెక్సీ కట్టారు. ముందురోజు ఎవరో వచ్చి గొడవ చేశారట. ఆ ముక్క కౌంటర్లో చెప్పలేదు, టికెట్ చించాక చెప్పారు. "ఫ్యామిలీలు వస్తాయి కదా మేడమ్, మూసేయమని పైనుంచి చెప్పారు" అన్నాడు అక్కడి కుర్రాడు. మరి మేమెవరం?

మూయకుండా వదిలేసినవి చూస్తే ఒళ్ళు మండింది. తడిచీరలో పల్లెపడుచు, కుండ చంకనెత్తుకుని ఓరచూపు. ఇంకోటి ఏటి ఒడ్డున వెనక్కి తిరిగి నిలబడ్డ పిల్ల, వీపంతా బయటే. చొంగ కార్చుకుంటూ చూడటానికి వేసినవి ఇవే, వీటికేమో అభ్యంతరం లేదు! షీటు కింద ఉన్నవేంటా అని వంగి చూస్తే ఒకదాని అడుగున పాదాలు కనిపించాయి. పగిలిన మడమలు, వాచిన చీలమండలు, మెట్టెలు తీసేసినచోట తెల్లగా గుర్తు.

మా వదిన అటూ ఇటూ చూసి షీటు కొస ఎత్తేసింది. బొమ్మలో యాభై దాటిన ఆవిడ, స్నానం చేసి వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూలబడింది. ఒంటిమీద నూలుపోగు లేదు. పొట్ట రెండు మడతలు పడి తొడల మీదకి జారింది. లంగా బొందు కట్టి కట్టి నడుం చుట్టూ నల్లటి గీత. బొడ్డు కింద సిజేరియన్ కోత ఊదారంగులో, అటూ ఇటూ కుట్ల చుక్కలతో సహా. మొహంలో సిగ్గూ లేదు, పిలుపూ లేదు, అలసట తప్ప. వదినకి రెండు సిజేరియన్లు. "ఇది నా పొట్టేనే" అంది పైకే. మా ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి వాట్సాప్ చూసుకున్నారు.

తర్వాత టీ తాగుతూ "అంత వికారంగా ఎందుకు వేయడం?" అన్నారు. ఫోన్లో బ్రిటిష్ చిత్రకారిణి జెన్నీ సావిల్ 1992లో వేసిన 'ప్రాప్డ్' తీసి చూపించాను. స్టూలు మీద భారీ ఒళ్ళు, తొడల్లోకి దిగబడిన గోళ్ళు, ఏడడుగుల కాన్వాసు, అది ఆవిడ తనను తానే వేసుకున్న బొమ్మ. 2018లో లండన్ వేలంలో 95 లక్షల పౌండ్లు పలికింది, బతికున్న మహిళా చిత్రకారుల్లో అప్పటికి అదే రికార్డు. లెక్క విన్నాక ఫోన్ దగ్గరికి లాక్కుని మళ్ళీ చూశారు.

మన దగ్గరా ఈ గొడవ కొత్తది కాదు. చిత్రకారులు సూజా, అక్బర్ పదమ్‌సీ వేసిన నగ్న చిత్రాలు ఏడింటిని ముంబై కస్టమ్స్ వాళ్ళు అశ్లీలమని పట్టుకుంటే, నగ్నంగా ఉన్నదల్లా అశ్లీలం కాదని 2024లో బాంబే హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. 1925లో ముప్పై నిండకుండానే పోయిన మా ఊరి దామెర్ల రామారావు గారూ నగ్నదేహాలు వేసినవారే. వందేళ్ళ తర్వాత బెజవాడలో బ్రౌన్ షీటు!

డబ్బులు వెనక్కివ్వమంటే ఇవ్వలేదు. అసలు చోద్యం ఇక్కడుంది: ఆ కౌంటర్లోనే 250కి క్యాటలాగ్ అమ్ముతున్నారు, మూసేసిన బొమ్మలన్నీ అందులో నిక్షేపంగా రంగుల్లో అచ్చేసి ఉన్నాయి. వదిన మాట్లాడకుండా ఒకటి కొనేసింది.

మర్నాడు అమరావతి. ఆర్టీసీ బస్సులో ఆధార్ చూపిస్తే మా ఇద్దరికీ జీరో టికెట్, మా ఆయన ఒక్కరే డబ్బులు కట్టి దారిపొడుగునా సణిగారు. మ్యూజియం టికెట్ 5 రూపాయలు. అక్కడి బౌద్ధ స్తూపం తాలూకు మంచి ఫలకాలు చాలామటుకు చెన్నై ఎగ్మోర్‌కీ లండన్‌కీ తరలిపోయినా, ఉన్నవాటికే పూట సరిపోతుంది. పల్నాటి సున్నపురాయిలో మొలనూలు, కడియాలు తప్ప పెద్దగా బట్టల్లేని ఆడవాళ్ళు. వాళ్ళ ముందు నుంచే స్కూలుపిల్లలు వరసగా నడిచివెళ్ళారు, మాస్టారు ఎవరి కళ్ళూ మూయలేదు. చట్టంలోనూ ప్రాచీన కట్టడాలకి, గుళ్ళకి అశ్లీలం నుంచి మినహాయింపు ఉంది. రాయైతే కళ, కాన్వాసైతే కేసు. కానీ ఒకటి, ఆ శిల్పాలన్నీ సన్నటి నడుములే. అందం చూసి మురిసిపోయానుగానీ నాలాంటిది, వదినలాంటిది ఒక్కతీ అక్కడ కనపడలేదు.

వెళ్ళేవాళ్ళకి: అమరావతి మ్యూజియం శుక్రవారం మూస్తారు. భోజనం కట్టుకెళ్ళండి, మాకు దొరికిన 120 రూపాయల ప్లేటులో సాంబారు నీళ్ళే. ఆ ఎగ్జిబిషన్ గుంటూరులోనూ పెడతారంటున్నారు. టికెట్ కొనేముందు ఎన్ని మూశారో కౌంటర్లో గట్టిగా అడగండి. మొహమాటపడితే 150 పోయినట్టే. క్యాటలాగ్‌కి పెట్టిన 250 మాత్రం దండగ కాదు.