జైల్లో ప్రభు బల్లకు సీల్డ్ కప్పులు: ఎంతవరకు పనికొస్తాయి?

ప్రభు బల్ల అంటే యేసును తలచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే క్రైస్తవ ఆచారం. దానికోసం చిత్తూరు జిల్లా జైలుకో, తిరుపతి సబ్ జైలుకో వెళ్లే చర్చి సంఘాలకు గేటు తనిఖీలోనే బోలెడు టైం పోతుంది. గాజు కప్పులు కుదరవు, చాకు మాటే ఎత్తకూడదు. ఇంట్లో కాచిన ద్రాక్షరసం తీసుకెళ్తే మూత తీసి వాసన చూస్తారు. చూడాలి కూడా, అది వాళ్ల బాధ్యత. అందుకే రొట్టె, రసం రెండూ ఒకే బుల్లి ప్లాస్టిక్ కప్పులో సీలు చేసి అమ్మే కప్పులు జైలు పరిచర్యకు బాగా పనికొచ్చేలా కనిపిస్తాయి. చాలావరకు పనికొస్తాయి కూడా, అయితే ఒక పెద్ద లోటుంది.

కప్పుకు రెండు పొరలుంటాయి. పైన పల్చటి ప్లాస్టిక్ పొర, దాని కింద రొట్టె బిళ్ల. ఆ కింద రేకు మూత, దాని కింద రసం. మొదటిసారి తీసేవాళ్లు రెండు పొరల కొసలూ కలిపి పట్టుకుని లాగేస్తారు. రసం ఒలికి తెల్లటి ఖైదీ బట్టల మీద పడుతుంది. ద్రాక్ష మరక ఒక్క ఉతుకుకు పోదు. కాబట్టి పంచే ముందు పాస్టర్ గారు ఒక కప్పు పైకెత్తి, పై పొర ఒక్కటే ఎలా తీయాలో నిదానంగా చూపించాలి. వయసు మళ్లినవాళ్లకు, చేతులు వణికేవాళ్లకు పక్కన ఒకరు కూర్చుని తీసిపెట్టాలి.

లేబుల్ చాలా మేలు చేస్తుంది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు, ఎక్స్‌పైరీ తేదీ, ఆల్కహాల్ లేదన్న మాట, ఈ మూడూ అట్టపెట్టె మీదే కనిపిస్తే గేటు దగ్గర వివరించే పని తగ్గుతుంది. నల్ల కిస్మిస్ నానబెట్టి, ఉడికించి, వడకట్టిన రసం రుచికి దీనికంటే ఎంతో బాగుంటుంది. కానీ రాత్రి కాచి ఫ్రిజ్‌లో పెట్టకుండా వదిలేస్తే, ఈ ఎండలకు తెల్లారేసరికి పులవడం మొదలవుతుంది. నురగ, పుల్ల వాసన వచ్చిన సీసాను జైలు లోపలికి రానివ్వరు.

సీల్డ్ కప్పులకూ ఎండే శత్రువు. మే నెలలో తిరుపతిలో మూసిన కారులో డబ్బా వదిలేస్తే కప్పులు ఉబ్బుతాయి. ఉబ్బిన కప్పును పక్కన పడేయాల్సిందే, ఎవరికీ ఇవ్వకూడదు. అలాగని ఐసు మీద పెడితే తీసిన తర్వాత కప్పుల మీద చెమ్మ పడుతుంది. ఐసు లేని థర్మాకోల్ పెట్టె చాలు.

లెక్క విషయంలో మాత్రం ఏమరుపాటు వద్దు. రిమాండ్ ఖైదీలు బెయిలు మీద వెళ్తుంటారు, కొత్తవాళ్లు వస్తుంటారు. పోయిన వారం సంఖ్య ఈ వారానికి పనికిరాదు. ముందురోజు అడిగి, దానికి అయిదారు కప్పులు కలుపుకోండి. తనిఖీలో ఒకటి రెండు తెరిచి చూడొచ్చు. లోపలికి 60 కప్పులు వెళ్తే 60 కప్పులూ 60 రేకు మూతలూ బయటికి రావాలి. మత్తు పదార్థాలు కాల్చి పీల్చడానికి రేకు వాడతారు కాబట్టి అది ఒక్కటి బ్యారక్‌లో దొరికినా మాట మన మీదికే వస్తుంది. కప్పులకు ఒక సంచి, రేకులకు ఒక సంచి పెట్టి, అక్కడే లెక్కించి గేటు దగ్గర చూపించాలి.

ఇక ఆ లోటు సంగతి. ఇంగ్లండులోని లింకన్ కోటలో 1848 నుంచి 1878 దాకా నడిచిన జైల్లో ఒక ప్రార్థనామందిరం ఉంది. ఖైదీకి బోధకుడు తప్ప పక్కవాడు కనబడకుండా ఒక్కొక్కరికీ నిలువు చెక్క గూడు కట్టారు. అందరూ ఒకేచోట ఉన్నా ఎవరికి వారే. సీలు వేసిన కప్పు ఎవరిది వారు విప్పుకుని తింటే దాదాపు అదే జరుగుతుంది. ఒకే రొట్టె విరిచి పంచుకోవడమే కదా బల్ల! అందుకని ఉప్పు, సోడా వేయని గోధుమ రొట్టె ఒకటి అనుమతి తీసుకుని వెంట తీసుకెళ్లండి. అందరి ముందూ చేత్తో విరవండి, ఆ తర్వాతే కప్పులు పంచండి. షెడ్డు కింద, పరిచిన పట్టా మీద కూర్చున్నా అప్పుడది చర్చి అవుతుంది.

కప్పులను వరుసలో చేతులు మార్చుకుంటూ పోనివ్వొద్దు. పాటలకు వచ్చి కూర్చున్న ప్రతివాడూ బల్లలో పాలుపొందేవాడు కాదు. పక్కవాడు చూస్తున్నాడని మొహమాటానికి తీసుకునేవాళ్లుంటారు. మతబోధకుడు తనను కలవడం వద్దనే ఖైదీ ఉద్దేశాన్ని పూర్తిగా గౌరవించాలని, ఖైదీలను ఎలా చూడాలో చెప్తూ 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మండేలా నియమాల్లో 65వది చెబుతుంది. బల్ల విషయంలోనూ అదే పాటించాలి. డబ్బా ముందు పెట్టి, కావలసినవాళ్లే లేచి వచ్చేలా చేస్తే సరిపోతుంది.

యాభై అరవై మంది ఉండే చోట ఈ కప్పులు కొనండి. పదిహేను మంది ఉండే సబ్ జైలుకు అనవసరపు ఖర్చు. అక్కడ ఒక రొట్టె, సీలు తీయని ద్రాక్షరసం ప్యాకెట్, కాగితపు కప్పులు చాలు. క్రిస్మస్‌కు కొన్న డబ్బాలో మిగిలినవి గుడ్ ఫ్రైడేకు తీసేముందు తేదీ చూసి, ప్రతి కప్పు మూతా వేలితో నొక్కి చూడండి.