పాత ట్రక్కు, ఫ్యూయల్ ప్రెజర్ గేజ్ కిట్, అందులోని పైపు ముక్క

ఈ కిట్ కొన్నది డీజిల్ లైన్‌లో ప్రెజర్ కొలిచే గేజ్ కోసమే. ఏళ్ల తరబడి వాడాక మాత్రం, పెట్టె అడుగున చుట్టి పెట్టిన పారదర్శక పైపు ముక్కే నాకు ఎక్కువ ఇష్టం. దాని మీద నాకున్న అభిమానం మాటల్లో పెట్టడానికే ఈ సమీక్ష. గేజ్ ఎన్ని బార్‌ల (ప్రెజర్ కొలత) దాకా చూపిస్తుంది, ఏ అడాప్టర్లు వస్తాయి అన్నవి పెట్టె మీదే ఉంటాయి, వాటి జోలికి వెళ్లను.

నా ట్రక్కు పాత డీజిల్ బండి. సిలిండర్లకి డీజిల్ కొట్టేది ఇన్‌లైన్ పంపు, పూర్తిగా మెకానికల్. దీనికి ఉదయం పూట స్టార్టింగ్ ట్రబుల్ మొదలైంది. రాత్రంతా నిలబెట్టిన బండికి సెల్ఫ్ కొడితే ఇంజన్ మంచి స్పీడుతోనే తిరుగుతుంది, కానీ అందుకోదు. ఎలాగో ఒకసారి అందుకుందంటే మళ్లీ సాయంత్రం దాకా ఏ ఇబ్బందీ ఉండదు. సెల్ఫ్ కొట్టేటప్పుడు సైలెన్సర్ దగ్గర మనిషిని పెట్టి చూశాను, పొగ అన్నదే లేదు. తెల్లపొగ వస్తుంటే డీజిల్ సిలిండర్లోకి వెళ్తోంది కానీ మండటం లేదని అర్థం. అప్పుడు డీజిల్ చిమ్మే నాజిళ్లు, కంప్రెషన్, టైమింగ్ వైపు చూడాలి. పొగే రాలేదంటే డీజిల్ అక్కడిదాకా చేరడం లేదన్నమాట. ఇంజన్ మంచి స్పీడుతో తిరుగుతోంది కాబట్టి బ్యాటరీని అనుమానించే పనీ లేకపోయింది.

గేజ్‌ని ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ లాగి ముందుకి పంపేది) తర్వాత బిగించి చూస్తే ఉదయం ముల్లు చాలా నెమ్మదిగా లేచేది. ఇంజన్ అందుకున్నాక అంతా సరిగ్గా, ఒక బార్ పైనే నిలిచేది. ఆ రీడింగ్ చూసి వర్క్‌షాప్‌లో ఫీడ్ పంపు వీక్ అన్నారు, మార్చారు. ఆ తర్వాత ట్రబుల్ పోలేదు, రూపం మారింది. సెల్ఫ్ తగలగానే ఇంజన్ అందుకునేది, కాసేపటికే దగ్గి ఆగిపోయేది, ఆపైన ఎంత కొట్టినా పాత తంతే. ఇది గమనించాల్సిన గుర్తు. కొత్త పంపు వాల్వులు గట్టిగా పట్టుకోవడంతో దాని తర్వాత ఉండే ఫిల్టర్లోని డీజిల్ వెనక్కి పోలేదు. దాంతోనే ఇంజన్ మొదలైంది. ఆ కాస్తా అయిపోయి వెనక నుంచి గాలి రాగానే ఆగింది. అంటే లోపం పంపుకి ముందు, ట్యాంకు వైపు ఉంది. సెల్ఫ్ కొట్టేముందు, లైన్‌లో చేత్తో డీజిల్ నింపే హ్యాండ్ పంపుని గట్టిపడేదాకా కొడితే ఒక్క దెబ్బకే స్టార్ట్ అయ్యేది, అది కూడా ఇదే మాట చెప్పింది.

ఇక్కడే పైపు ముక్క రంగంలోకి దిగింది. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉండే లైన్‌లో డీజిల్‌ని పంపు పీల్చుకుంటుంది. అక్కడ సందు ఉంటే బయటికి చుక్క కారదు, లోపలికి గాలి వెళ్తుంది. కింద తడి కనిపించదు కాబట్టి కంటితో వెతికి పట్టుకోవడం దాదాపు అసాధ్యం. పారదర్శక పైపుని ముందు ఫీడ్ పంపు ముందర పెట్టాను. ఇంజన్ నడుస్తుంటే లేత పసుపు డీజిల్ మధ్యలో బుడగలు పూసల దండలా వరుసగా జారిపోతున్నాయి! పైపుని ఒక్కో జాయింట్ చొప్పున వెనక్కి జరుపుతూ వెళ్లాను. రాగి వాషర్ల దగ్గర, ప్రీ ఫిల్టర్ (ఫీడ్ పంపుకి ముందుండే ఫిల్టర్) దగ్గర, రబ్బరు గొట్టం క్లిప్పుల దగ్గర, అన్నిచోట్లా అవే బుడగలు. చివరికి ట్యాంకు మూతిని ఆనుకుని పెట్టినా తగ్గలేదు.

ఆ వారం ట్యాంకు నిండా డీజిల్ పోయించాను. బుడగలు మాయమయ్యాయి, ఉదయం స్టార్టింగ్ కూడా కొత్త బండిలా ఉంది. ట్యాంకు సగానికి దిగగానే మళ్లీ మొదలు. ఇక వేరే ఆధారం అక్కర్లేదు. ట్యాంకులోకి దిగే పికప్ పైపుని ఊడదీసి, ఒక కొస మూసి, డీజిల్ పళ్లెంలో ముంచి రెండో కొస నుంచి పంపుతో గాలి కొట్టాం. పొడవులో దాదాపు సగం దగ్గర, తుప్పు తిన్నచోట, సూదిమొన అంత రంధ్రం లోంచి బుడగ లేచింది. డీజిల్ మట్టం దానికి పైన ఉన్నంతకాలం అది డీజిల్‌నే పీల్చేది, మట్టం దిగితే గాలిని. ఇంజన్ ఆపాక లైన్‌లోని డీజిల్ ట్యాంకులోకి జారిపోవడమూ దానివల్లే. పికప్ పైపు మార్చాక ఆ ట్రబుల్ మళ్లీ రాలేదు. ఆ రోజు కలిగినంత తృప్తి బండి విషయంలో నాకు ఎప్పుడూ కలగలేదు.

అయితే ఇదే పైపుతో కొన్ని ఇబ్బందులూ ఉన్నాయి. వాడేకొద్దీ పసుపెక్కి బిరుసెక్కింది. బిరుసెక్కిన కొస జాయింట్ మీద సరిగ్గా కూర్చోదు, అక్కడి నుంచి గాలి లాగి లేని బుడగలు చూపిస్తుంది. నేను కొసలు కోసేసి, ప్రతి కొసకీ రెండు క్లిప్పులు వేసి వాడుతున్నాను, అలా పొడవూ తగ్గుతూ వస్తోంది. పరీక్ష అయ్యాక తీసేసి అసలు గొట్టం వేయాల్సిందే, ఇంజన్ వేడి దగ్గర దాన్ని వదిలేయకూడదు. ఫిల్టర్ మార్చిన వెంటనే కనిపించే కొద్దిపాటి బుడగలకి కంగారు పడనక్కర్లేదు, లైన్‌లో మిగిలిన గాలి అది. ఇక గేజ్‌ని ఫీడ్ పంపు తర్వాత మాత్రమే పెట్టి తీర్పు చెప్పొద్దు. ముందు వైపున పెట్టి ఎంత వాక్యూమ్ లాగుతోందో కూడా చూస్తే మూసుకుపోయిన ప్రీ ఫిల్టర్, జాలీ బయటపడతాయి. ఈ కిట్‌లో అందుకు వేరే గేజ్ ఉంది, నాకు ఆ అవసరం పెద్దగా పడలేదు కాబట్టి దాని సంగతి గట్టిగా చెప్పలేను.

నాది మెకానికల్ పంపు, రిపేర్లు చాలావరకు నేనే చూసుకుంటాను, బండి ఒక రోజు ఆగినా సర్దుకోగలను. ఆ లెక్కన నాకు ఇది మంచి కొనుగోలు. కామన్ రైల్ బండి (అన్ని నాజిళ్లకీ ఒకే గొట్టంలో ఎక్కువ ప్రెజర్‌తో డీజిల్ నిలిపి ఉంచేది) ఉన్నవాళ్లకి ఇదే మాట చెప్పలేను. అక్కడ రైల్‌లో ప్రెజర్ వెయ్యి బార్‌లు దాటుతుంది, ఆ లైన్లు విప్పడం ప్రమాదం, ట్యాంకు వైపు లైన్‌కి మాత్రమే ఈ పైపు పనికొస్తుంది. పెట్రోల్ బండికి అసలు వాడొద్దు. డీజిల్ తట్టుకునే పారదర్శక గొట్టం, సరైన సైజు క్లిప్పులు విడిగా దొరికితే ముందు అవి కొనుక్కుని చూడండి, గేజ్ సంగతి తర్వాత ఆలోచించవచ్చు.