సారనాక్ లేక్ చుట్టూ చిన్న కొండలు: ఏది ఎక్కాలి, ఎక్కడ ఉండాలి

న్యూజెర్సీ నుంచి న్యూయార్క్ రాష్ట్రం ఉత్తరాన ఉన్న అడిరాండాక్స్ కొండలకి వెళ్లే మనవాళ్లలో ఎక్కువమంది లేక్ జార్జ్ దగ్గరే ఆగిపోతారు. కాస్త ఓపిక ఉన్నవాళ్లు లేక్ ప్లాసిడ్ దాకా వెళ్లి, అక్కడి ‘హై పీక్స్’ అనే 46 ఎత్తయిన కొండల్లో ఏదో ఒకటి ఎక్కాలని చూస్తారు. మీతో పిల్లలు గానీ, ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లు గానీ ఉంటే ఆ హై పీక్స్ వదిలేసి ఇంకొంచెం ముందుకు, సారనాక్ లేక్ ఊరికి వెళ్లండి. ఎత్తు తక్కువ కాబట్టి సరిపెట్టుకోమని కాదు, నిజంగానే అక్కడి దృశ్యం బాగుంటుందని చెప్తున్నాను. హై పీక్స్ మీద నుంచి చూస్తే చుట్టూ కొండల వెనక కొండలే ఎక్కువగా కనిపిస్తాయి. సారనాక్ లేక్ చుట్టుపక్కల కొండలు మాత్రం సరస్సుల మధ్యలో లేచి ఉంటాయి, కాబట్టి రెండు మూడు వేల అడుగుల ఎత్తుకే కింద అడవి, అందులో ఎటు చూసినా నీళ్లు, దూరంగా వరసగా పెద్ద కొండలు, అన్నీ ఒకేసారి కనిపిస్తాయి.

అడిరాండాక్ పార్క్ అంటే టికెట్ కొని లోపలికి వెళ్లే నేషనల్ పార్క్ లాంటిది కాదు. 1892లో న్యూయార్క్ రాష్ట్రం ఏర్పాటు చేసిన ఈ పార్క్ దాదాపు 60 లక్షల ఎకరాలు. లోపలే ఊళ్లు, ఇళ్లు, ప్రైవేటు భూములు ఉంటాయి. రాష్ట్రం చేతిలో ఉన్న అడవిని ఎప్పటికీ నరకకూడదని 1894లో రాజ్యాంగంలోనే రాసుకున్నారు. గేటు లేదు, ఎంట్రీ ఫీజు లేదు. ట్రెయిల్ మొదట్లో ఒక చెక్కపెట్టెలో రిజిస్టర్ ఉంటుంది, అందులో పేరు, ఎంతమంది, ఎటు వెళ్తున్నారు అన్నది రాసి, తిరిగి వచ్చాక సంతకం పెట్టాలి. దయచేసి ఇది రాయకుండా వెళ్లకండి. ఎవరైనా తప్పిపోతే ఫారెస్ట్ రేంజర్లు మొదట చూసేది ఆ పుస్తకమే, పైగా చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు.

సారనాక్ లేక్ ఊరివాళ్లు 2013 నుంచి ఆరు కొండల ఛాలెంజ్ ఒకటి నడుపుతున్నారు. బేకర్, ఆంపర్‌సాండ్, సెయింట్ రీజిస్, హేస్టాక్, స్కార్‌ఫేస్, మెకెన్జీ. ఆరూ ఎక్కినవాళ్లు ఊళ్లో బర్క్‌లీ గ్రీన్ అనే చిన్న పార్కులో ఉన్న గంట కొట్టొచ్చు. పిల్లలకి ఆ గంట మీద ఎంత ధ్యాస ఉంటుందో చెప్పలేను, మా పాప ప్రతి కొండ మీదా ఇంకెన్ని మిగిలాయని అడిగేది. అయితే ఆరూ ఒకే రకంగా బాగుంటాయని మాత్రం అనుకోకండి.

బేకర్‌తో మొదలుపెట్టండి. ఊరిని ఆనుకుని మూడీ పాండ్ అనే చిన్న చెరువు ఉంటుంది, దాని ఎదురుగానే ట్రెయిల్. 2,452 అడుగుల కొండ, పైకి మైలు కన్నా తక్కువ దూరం, కానీ ఆ కాస్త దూరంలోనే 900 అడుగులు ఎక్కాలి. చిన్నదే కదా అని చెప్పులతో వచ్చేవాళ్లని చూశాను, రాళ్లు, వేర్లు ఎక్కువ, మంచి పట్టున్న బూట్లు కావాలి. మా మావయ్య మోకాళ్ల నొప్పితోనే, చేతికర్ర పట్టుకుని, ప్రతి మలుపు దగ్గరా ఆగుతూ పైదాకా వచ్చారు. శిఖరం కొసన చెట్లు ఉన్నా, పక్కనే ఉన్న రాతి అంచుల మీద కూర్చుంటే ఊరు, సరస్సులు, దూరంగా హై పీక్స్ వరస కనిపిస్తాయి. సాయంత్రం వేళ ఎక్కితే ఇంకా బాగుంటుంది, దిగేటప్పటికి మాత్రం హెడ్‌ల్యాంప్ చేతిలో ఉండాలి.

ఈ ఆరింటిలో ఒక్కటే ఎక్కే టైం ఉంటే నా ఓటు ఆంపర్‌సాండ్‌కి. ఊరికి పడమరగా రూట్ 3 మీద, దాదాపు ఎనిమిది మైళ్ల దూరంలో రోడ్డు పక్కనే పార్కింగ్. పైకి 2.7 మైళ్లు, ఎత్తు 3,352 అడుగులు. మొదటి మైలున్నర దాకా హెమ్‌లాక్ చెట్ల నీడలో దాదాపు చదునుగా, తడి నేల మీద వేసిన చెక్కల వంతెనలు దాటుకుంటూ హాయిగా నడవొచ్చు, కొత్తగా వచ్చినవాళ్లు ఇంతేనా అనుకునే లోపు కొండ ఒక్కసారిగా నిలువుగా లేస్తుంది, ఇక అక్కడి నుంచి రాతిమెట్లు, బురద, వేర్లు, చేతులు కూడా వాడాల్సిన చోట్లు. పైకి చేరాక చెట్టన్నది లేని బోడి బండ. నిజానికి అంత ఎత్తులో చెట్లు ఉండాలి. 1870లలో వెర్‌ప్లాంక్ కాల్విన్ అనే సర్వేయర్ ఈ ప్రాంతాన్ని కొలిచేటప్పుడు నాలుగు వైపులా చూపు ఆనడానికి శిఖరం మీద చెట్లు కొట్టించాడు. తర్వాత వానలకి మట్టి కొట్టుకుపోయి రాయి మిగిలింది. ఒక పక్క సారనాక్ సరస్సులు, ఇంకో పక్క ఆంపర్‌సాండ్ లేక్, దాని వెనక సీవార్డ్ కొండలు. మేం అక్కడే కూర్చుని పులిహోర, పెరుగన్నం తిన్నాం, గాలికి డబ్బా మూత ఎగిరిపోయేలా ఉంది, కాబట్టి ఎండాకాలమైనా ఒక జాకెట్ సర్దుకోండి. దిగాక రోడ్డు అవతల అరమైలు నడిస్తే మిడిల్ సారనాక్ లేక్ ఒడ్డున ఇసుక బీచ్ ఉంది. అలసిన కాళ్లు ఆ నీళ్లలో పెట్టకుండా వెళ్లొద్దు.

సెయింట్ రీజిస్ పెద్దవాళ్లకి ఆంపర్‌సాండ్ కన్నా సులువు, కాకపోతే దూరం ఎక్కువ, పైకి 3.4 మైళ్లు. ఎక్కువ భాగం మెల్లగా ఎక్కుతూ పోతుంది, చివరి మైలే కష్టం. పైన 1918 నాటి ఫైర్ టవర్ ఉంది, అడవిలో ఎక్కడైనా పొగ లేస్తే కనిపెట్టడానికి అప్పట్లో అందులో మనిషి ఉండేవాడు. చాలాకాలం మూతపడి ఉంటే స్వచ్ఛంద కార్యకర్తలు బాగుచేసి మళ్లీ తెరిచారు. కింద సెయింట్ రీజిస్ కెనూ ఏరియా, అక్కడ మోటారు పడవలు ఉండవు, చెరువు నుంచి చెరువుకి కెనూని భుజాన మోసుకుంటూ వెళ్తారు. టవర్ మీద నుంచి ఆ చెరువుల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టి మా పాప మధ్యలోనే వదిలేసింది.

మిగతా మూడూ ఆ గంట కొట్టడం కోసం ఎక్కాల్సినవే. హేస్టాక్, మెకెన్జీ రెండూ రూట్ 86 మీద ఒకే చోట మొదలై కొంతదూరం కలిసి నడుస్తాయి. హేస్టాక్ పరవాలేదు, 3,861 అడుగుల మెకెన్జీ ఈ ఆరింటిలో ఎత్తయినది, నిటారుగా ఉంటుంది, చిన్నపిల్లలతో వద్దు. స్కార్‌ఫేస్ దారిలో పైన్ చెట్ల భాగం అందంగా ఉంటుంది, పైన చూడ్డానికి పెద్దగా లేదు. ఆ కొండ రే బ్రూక్‌లో ఉంది. 1980 వింటర్ ఒలింపిక్స్ క్రీడాకారుల కోసం అక్కడ కట్టిన గ్రామాన్నే తర్వాత ఫెడరల్ జైలుగా మార్చారు.

ఇవన్నీ కష్టమనుకునేవాళ్లు ఉంటే అరగంట డ్రైవ్‌లో టప్పర్ లేక్ ఉంది. మౌంట్ అరబ్ పైకి ఒక మైలు, పైన ఇక్కడ కూడా ఫైర్ టవర్. దగ్గర్లోనే గుడ్‌మన్ మౌంటెన్. 1964లో మిసిసిపీలో నల్లవాళ్లని ఓటర్లుగా నమోదు చేయించడానికి వెళ్లి హత్యకు గురైన ముగ్గురు యువకుల్లో ఆండ్రూ గుడ్‌మన్ ఒకరు. వాళ్ల కుటుంబానికి ఈ కొండ దగ్గర ఇల్లుండేది, ఆ యువకుడి పేరే దీనికి పెట్టారు. పిల్లలకి ఆ సంగతి చెప్పి ఎక్కించండి. అసలు ఎక్కలేనివాళ్లకి పాత రైలు పట్టాలు తీసేసి వేసిన అడిరాండాక్ రైల్ ట్రెయిల్ ఉంది, లేక్ ప్లాసిడ్ నుంచి సారనాక్ లేక్ మీదుగా టప్పర్ లేక్ దాకా 34 మైళ్లు, చదునుగా ఉంటుంది. మేం కొండ ఎక్కే పూట మా అత్తయ్య దాని మీద నడిచేవారు.

ఊరి గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మాది మదనపల్లె. 1884లో డాక్టర్ ట్రూడో సారనాక్ లేక్‌లో క్షయ రోగుల కోసం శానటోరియం పెట్టారు. మందులు లేని ఆ రోజుల్లో చల్లటి గాలి, విశ్రాంతి, మంచి తిండి, ఇవే వైద్యం. రోగుల్ని పడుకోబెట్టిన అద్దాల వరండాల ఇళ్లు ఊరంతా ఇప్పటికీ ఉన్నాయి. మా ఊరి పక్కనే ఆరోగ్యవరంలో 1915లో తెరిచిన శానటోరియం కూడా ఇదే నమ్మకంతో వచ్చింది. ఆ వరండాల ముందు నిలబడి మావయ్య ఆరోగ్యవరంలో చేరి బాగుపడి వచ్చిన బంధువుల గురించి చాలాసేపు చెప్పారు.

బస విషయానికొస్తే, ఊళ్లోనే ఉండండి, లేక్ ప్లాసిడ్‌లో కాదు. ఇక్కడ రద్దీ తక్కువ, కొండలన్నీ దగ్గర. మేం మొదట దిగిన ఒక మోటెల్‌లో లేక్ వ్యూ అని ఎక్కువ డబ్బు తీసుకుని పార్కింగ్ వైపు గది ఇచ్చారు, లిఫ్ట్ లేదు, పెద్దవాళ్లు మెట్లెక్కాల్సి వచ్చింది. కాబట్టి ఏ అంతస్తు, కిటికీ ఎటు అన్నది ఫోన్ చేసి అడిగి బుక్ చేయండి. తర్వాత తీసుకున్న అద్దె ఇంట్లో వంటగది ఉండటంతో తిండి టెన్షన్ పోయింది. శాకాహారులకి ఊళ్లో దొరికేవి తక్కువే, రైస్ కుక్కర్, పచ్చళ్లు, పొడులు వెంట తెచ్చుకోండి, కొనాల్సినవి దారిలో వచ్చే ఆల్బనీ నగరం దాటేలోపే కొనేయండి.

క్యాంపింగ్ ఇష్టమైతే ఫిష్ క్రీక్ పాండ్ చాలా మంచిది. చాలా సైట్లు నీటి ఒడ్డునే ఉంటాయి, వేడినీళ్ల షవర్లు ఉన్నాయి, కెనూ నేరుగా టెంట్ ముందు నుంచే దింపొచ్చు. రాష్ట్ర క్యాంప్‌గ్రౌండ్లకి తొమ్మిది నెలల ముందు నుంచి బుకింగ్ తెరుస్తారు, వేసవి వీకెండ్లు త్వరగా అయిపోతాయి. వంటచెరకు న్యూజెర్సీ నుంచి తీసుకెళ్లొద్దు, వేడితో శుద్ధి చేయని కట్టెలు బయటి రాష్ట్రాల నుంచి తేవడం నిషేధం, వాటితో పురుగులు వచ్చి అడవి పాడవుతుందని.

మే మధ్య నుంచి జూన్ ఆఖరు దాకా వెళ్లకపోవడమే మేలు. బ్లాక్ ఫ్లైస్ అనే చిన్న ఈగలు చెవుల వెనక, జుట్టు అంచున కుట్టి రక్తం వచ్చేలా చేస్తాయి, పిల్లలు తట్టుకోలేరు. సెప్టెంబర్ ఆఖరి వారం ఆకులు రంగు మారినప్పుడు ఇంకేం చూస్తాం అనిపిస్తుంది, కానీ గదులు ఖరీదు, పార్కింగ్ పొద్దున్నే నిండిపోతుంది. మా ఇంట్లో అందరికీ నచ్చింది లేబర్ డే (సెప్టెంబర్ మొదటి సోమవారం) తర్వాతి రెండు వారాలు. బళ్లు తెరిచేసి ఉంటారు కాబట్టి పిల్లలున్నవాళ్లు శుక్రవారం ఒక్కరోజు సెలవు పెట్టించి గురువారం సాయంత్రమే బయల్దేరితే, న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి ఐదున్నర గంటలు, శుక్రవారం బేకర్, శనివారం ఆంపర్‌సాండ్, ఆదివారం పొద్దున రైల్ ట్రెయిల్ మీద కాసేపు నడిచి మధ్యాహ్నానికి బయటపడొచ్చు.