టైమర్ డ్రెయిన్ వాల్వ్: చాలాకాలం వాడాక నా మాట

గాలి కంప్రెసర్ ట్యాంకు అడుగున బిగిస్తే, టైమర్ ప్రకారం దానంతటదే తెరుచుకుని లోపల చేరిన నీళ్లు వదిలే ఈ వాల్వ్‌లో నాకు అమితంగా నచ్చింది టెస్ట్ బటన్, అంటే నొక్కగానే వాల్వ్‌ను తెరిచే మీట. కొనేటప్పుడు దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

షిఫ్టు చివర వంగి, కాక్ తిప్పి, మడ్డి నీళ్లు వదలడం ఎక్కడైనా అన్నింటికంటే ముందు మానేసే పని. ఆ బెడద ఈ వాల్వ్‌తో పోయింది. గాలి పనిముట్లలోకి నీళ్లు రావడం ఆగింది, ఆ మెప్పు ఇప్పటికీ ఇస్తాను. అయితే నీళ్లు వదలడానికి వంగినప్పుడే ఆయిల్ మట్టం చూపే గాజు కంటపడేది, బెల్టు బిగువు చేతికి తెలిసేది. వంగే అవసరం పోయాక ఆ తనిఖీలూ పోతాయి. ఇది ఏ మాన్యువల్‌లోనూ రాయరు.

ఇక మొరాయించే తీరు. ట్యాంకు లోపలి తుప్పు పెచ్చులు వాల్వ్ మూసుకునే సీటు మీద కూర్చుంటాయి, లేదా దారిని మూసే పలుచటి పొర, డయాఫ్రంలోని సన్నటి రంధ్రం మడ్డితో పూడుతుంది. రంధ్రం పూడితే డయాఫ్రం పైన ఒత్తిడి నిలవదు, వాల్వ్ మూసుకోదు. గాలి బుస్సుమని పోతూనే ఉంటుంది, మోటారు ఆగకుండా తిరుగుతుంది. చాలామంది వాల్వ్‌ను కరెంటుతో తెరిచే కాయిల్ మార్చేస్తారు, లాభం ఉండదు. కరెంటు తీసేయాలి, దానికి ముందు ట్యాంకు వైపున్న, చేత్తో తిప్పే బాల్ వాల్వ్ మూయాలి, మిగిలిన ఒత్తిడి పూర్తిగా వదలాలి. అప్పుడు చెత్తను ఆపే స్ట్రెయినర్ జాలీ, ప్లంజర్, స్ప్రింగ్, డయాఫ్రం విప్పి కడగాలి. రంధ్రంలో సూది గుచ్చవద్దు, వెడల్పయితే వాల్వ్ మళ్లీ సరిగ్గా పనిచేయదు. స్ట్రెయినర్, బాల్ వాల్వ్ లేకుండా దీన్ని బిగించడం శుద్ధ దండగ.

అందుకే టెస్ట్ బటన్‌ను ఆ తనిఖీలకు ముడిపెట్టాలి: షిఫ్టు మొదట్లో, మెషిన్ స్టార్ట్ చేయకముందు ఆయిల్ గాజు చూడండి. అప్పుడే ఆయిల్ మట్టం సరిగ్గా కనిపిస్తుంది. ఆయిల్ పాలలా తెల్లబడితే అందులో నీళ్లు కలిశాయని అర్థం. తర్వాత స్టార్ట్ చేసి, ట్యాంకులో ఒత్తిడి ఎక్కాక బటన్ నొక్కండి. నీళ్లు చిమ్మి, బటన్ వదిలిన వెంటనే ఠక్కున ఆగాలి. చుక్కలు కారుతూ ఉంటే జాలీ విప్పే వేళయింది. బెల్టు గార్డు మాత్రం కరెంటు తీశాకే ముట్టుకోవాలి.

టైమింగ్ 20 నిమిషాలకోసారి 3 సెకన్లతో మొదలుపెట్టి చూడండి. చివర్లో ఉత్త గాలే వస్తే సెకన్లు తగ్గించండి. మూసుకునేటప్పుడూ నీళ్లే వస్తుంటే పెంచండి. వానాకాలంలో ఒకసారికీ మరోసారికీ మధ్య వ్యవధి సగం చేయాల్సి రావచ్చు. వచ్చే నీళ్లలో నూనె ఉంటుంది, డబ్బాలో పట్టాలి, కాలువలోకి వదలకూడదు.

రోజంతా, ఒకరి తర్వాత ఒకరు నడిపే మెషిన్‌కైతే మళ్లీ ఇదే కొంటాను. రోజుకు గంటో రెండో నడిచే చిన్న కంప్రెసర్‌కు, చూసుకునే మనిషి ఒక్కరే అయితే, పొడుగు పైపు చివర ఒక బాల్ వాల్వ్ బిగిస్తే సరిపోతుందేమో.