చర్మవ్యాధి బాధను కొలవడానికి ఏది మేలు? పాసీ, డీఎల్‌క్యూఐ, స్కిండెక్స్

మా పిన్నికి సోరియాసిస్ అరచేతులకే. ఒంటిమీద ఇంకెక్కడా మచ్చ కూడా లేదు. కానీ ఎండుమిర్చి తుంచితే పగుళ్లలో మంట. అన్నం కలుపుకోలేక చెంచాతో తింటుంది.

సోరియాసిస్ తీవ్రతకు డాక్టర్లు వేసే పాసీ స్కోరు 1978 నుంచి ఉంది. ఎరుపు, మందం, పొట్టు, ఎంతమేర పాకిందనేది చూసి 0 నుంచి 72 దాకా వేస్తారు. లెక్కలో తలకు 10 శాతం, చేతులకు 20, మొండేనికి 30, కాళ్లకు 40. అరచేతులు అందులో చిన్న ముక్క కాబట్టి పిన్ని స్కోరు ఎప్పుడూ తక్కువే. మందు పనిచేస్తోందా లేదా అన్నది పాసీతో తెలుస్తుంది. మనిషి ఎలా బతుకుతోందో తెలియదు.

అది అడిగేది డీఎల్‌క్యూఐ అనే ప్రశ్నపత్రం. 1994లో కార్డిఫ్‌లో ఫిన్లే, ఖాన్ అనే డాక్టర్లు తెచ్చారు. గడిచిన వారం గురించి పదే ప్రశ్నలు: దురద, సిగ్గు, బట్టలు, ఇంటి పని, ఉద్యోగం, దాంపత్యం, ఇలా. ఒక్కోదానికి 3 చొప్పున మొత్తం 30. 10 దాటిందంటే జీవితం మీద దెబ్బ గట్టిగానే ఉన్నట్టు. కిక్కిరిసిన ఓపీలో కూడా నింపేయొచ్చు.

దీంట్లో నాకు నచ్చనిది ఒకటుంది. ‘నాకు వర్తించదు’ అని టిక్ పెడితే సున్నా పడుతుంది. నలుగురిలోకి వెళ్లడం గురించిన ప్రశ్నకు పిన్ని అదే పెట్టింది. ఎందుకని అడిగితే, “పెళ్లిళ్లకు వెళ్లడమే మానేశాను కదరా, ఇంక ఇబ్బందేముంది?” అంది. మానుకున్న కొద్దీ స్కోరు తగ్గుతుందన్నమాట! ఈ లోపం సరిచేయడానికి 2018లో డీఎల్‌క్యూఐ-ఆర్ అనే లెక్క వచ్చింది.

స్కిండెక్స్-29 కూడా ప్రశ్నపత్రమే, కానీ పొడుగు, ఓపిక కావాలి. నాలుగు వారాల సంగతి అడిగి లక్షణాలు, మనసు, రోజువారీ పనులు అని మూడు స్కోర్లు విడిగా ఇస్తుంది. జబ్బు ముదురుతుందేమోనన్న భయం, కోపం, అవమానం గురించి నేరుగా అడుగుతుంది. డీఎల్‌క్యూఐలో మనసు గురించి దాదాపు ఒక్క ప్రశ్నే. బొల్లి లాంటి వాటిలో నొప్పీ మంటా ఉండవు, కుమిలిపోవడమే ఎక్కువ. అక్కడ నేను స్కిండెక్స్‌నే అడుగుతాను.

మిగతా జబ్బులకు మొదటిసారి స్కిండెక్స్, తర్వాత వెళ్లిన ప్రతిసారీ డీఎల్‌క్యూఐ చాలు. ‘వర్తించదు’ అన్న ప్రతిచోటా మాత్రం ఎందుకని డాక్టర్ ఒక్క మాట అడగాలి. సోరియాసిస్ అయితే పాసీ ఎలాగూ వేస్తారు.