పిల్లుల్ని సర్దడమా, పాముపిట్టల్ని నడపడమా: అలసిన రాత్రికి ఏది మేలు?

ఎనిమిది పిల్లులు పెట్టెలో ఒదిగాయి. తొమ్మిదోది బయట మిగిలిపోయింది. ముందుకాళ్లు చాచి, తోక పక్కకి వేసి పడుకున్న పిల్లి అది. దానికి ఐదు గడులు కావాలి. పెట్టెలో ఖాళీ కూడా సరిగ్గా ఐదు గడులే, కానీ మూడు ఈ మూల, రెండు ఆ మూల. ముడుచుకుని పడుకున్న బూడిదరంగు పిల్లిని తీసి పక్కన పెట్టాను. ఊహూ, కలవలేదు. దాని పక్కదాన్ని కూడా తీశాను. ఈసారి ఖాళీ అంతా ఒకచోటికి చేరింది, కానీ బయట మూడు పిల్లులయ్యాయి. ఏ పిల్లీ నన్ను తొందరపెట్టలేదు. టైమర్ లేదు, పాయింట్లు పోయేది లేదు. పది నిమిషాలకు అన్నీ లోపలికి వెళ్లాయి. సాయంత్రం నుంచి బుర్రలో గిరగిరా తిరుగుతున్న ఆఫీసు గొడవ ఈలోగా ఎప్పుడు ఆగిపోయిందో నాకే తెలియలేదు.

అప్పట్నుంచి ఈ తరహా గేమ్‌లు ఒక్కొక్కటే ఆడి చూస్తున్నాను. వీటిలో జంతువులుంటాయి, గడుల్లో ఏదో ఒకటి అమర్చడమో జరపడమో ఉంటుంది, కాల్పులూ యుద్ధాలూ ఉండవు. పైకి అన్నీ అక్కచెల్లెళ్లలా కనిపిస్తాయి. ఆడటం మొదలుపెడితే మాత్రం ఒకటి నిద్రపుచ్చుతుంది, ఇంకొకటి వచ్చే నిద్రని కూడా పోగొడుతుంది. బొమ్మ ముద్దుగా ఉందని కొనేసి, తీరా ఆడాక తలనొప్పి తెచ్చుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. అందుకే ఈ పోలిక.

ముఖ్యంగా రెండింటిని పక్కపక్కన పెడతాను. ఒకటి 2021లో వచ్చిన ‘క్యాట్స్ ఆర్గనైజ్‌డ్ నీట్లీ’. పేరులోనే ఉంది సంగతి: రకరకాల భంగిమల్లో ఉన్న పిల్లుల్ని గడుల పెట్టెలో ఖాళీ లేకుండా సర్దాలి. రెండోది 2015లో వచ్చిన ‘స్నేక్‌బర్డ్’. ఇందులో మనం నడిపే పాముపిట్టకి గుండ్రటి కళ్లూ పిట్ట ముఖమూ, వెనకాల పాములా పొడుగాటి ఒళ్లు. పండు తింటే ఒక గడి పొడవు పెరుగుతుంది. పండ్లన్నీ తిని ఇంద్రధనుస్సు రంగుల సుడిలోకి దూరితే లెవెల్ పూర్తయినట్టు. ఒంటికింద ఎక్కడా ఆసరా లేకపోతే పిట్ట మొత్తంగా కిందికి జారిపోతుంది, ముళ్లమీద పడిందా, అంతే. రంగులు చూస్తే చిన్నపిల్లల గేమ్ అనుకుంటారు. నాలుగో ఐదో లెవెల్ దగ్గర ఆ భ్రమ తీరిపోతుంది.

ఈ రెండింటికీ తేడా ఒక్క మాటలో చెప్పాలంటే, మొదటిదానిలో వరస ఎలా ఉన్నా ఫర్వాలేదు, రెండోదానిలో వరసే ప్రాణం. పిల్లుల్ని సర్దేటప్పుడు నల్లపిల్లిని ముందు పెట్టావా, చారలపిల్లిని ముందు పెట్టావా అని ఎవరూ అడగరు. చివరికి అన్నీ ఇమిడాయా లేదా, అంతే చూస్తారు. తప్పు పెట్టిన పిల్లి కళ్లెదురుగానే ఉంటుంది, దాన్ని ఒక్కదాన్నే తీసి మిగతావాటిని కదపకుండా ఉంచుకోవచ్చు. పాముపిట్ట విషయంలో అలా కాదు. ఎడమవైపు పండు ముందు తిన్నామంటే ఒళ్లు పెరిగి సందులో తిరగడానికి చోటు చాలదు. తినకపోతే పొడవు చాలక పైగట్టు అందదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పైగా ఆ పిట్ట వెనక్కి నడవలేదు.

‘వెనక్కి తీసుకునే బటన్ ఉంటే సరిపోదా’ అని మీరు అడగవచ్చు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. కానీ ఎత్తును, అంటే వేసిన ఒక అడుగును, వెనక్కి తీసుకోవడానికీ, ముక్కను బయటికి తీయడానికీ చాలా తేడా ఉంది. ఎత్తుల గేమ్‌లో ఇరవయ్యో ఎత్తు దగ్గర ఇరుక్కుంటే, తప్పు పందొమ్మిదోదా, ఏడోదా, అసలు మొదటిదా అన్నది తెలియదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే గాని, ఎక్కడ కాలిందో కూడా పోల్చుకోలేం. నడిచి వచ్చిన దారంతా బుర్రలో మోసుకుంటూ వెనక్కి వెళ్లాలి. అలసిన బుర్రకి మోత బరువు అదే. సర్దే గేమ్‌లో ఏమీ మోయక్కర్లేదు, పెట్టెలో కనబడేదే మొత్తం కథ. మధ్యలో ఫోన్ వచ్చి పావుగంట తర్వాత తిరిగొచ్చినా ఏ ఆలోచనా తెగిపోదు.

ఇవి రెండూ పాత వంశాలే. ఎత్తుల వంశానికి పెద్దదిక్కు ‘సోకోబాన్’. హిరోయుకి ఇమాబయాషి తయారుచేసిన ఈ గోదాము గేమ్‌ని 1982లో ‘థింకింగ్ ర్యాబిట్’ అనే కంపెనీ విడుదల చేసింది. అందులో పెట్టెల్ని నెట్టడమే గాని లాగడం ఉండదు. మూలకి నెట్టేసిన పెట్టె ఇక అక్కడే. సర్దే వంశం గణితంలోంచి వచ్చింది. గడుల్ని అంచులతో కలిపితే వచ్చే ఆకారాలకు పాలియోమినో అని 1953లో గణితవేత్త సాలమన్ గోలంబ్ పేరు పెట్టాడు. ఐదేసి గడులతో అలాంటి ఆకారాలు పన్నెండు వస్తాయి. ఆ పన్నెండింటినీ ఆరు గడుల వెడల్పు, పది గడుల పొడవున్న పెట్టెలో 2,339 రకాలుగా నింపవచ్చు. అవే పన్నెండు ముక్కలు, అవే అరవై గడులు, కానీ పెట్టెని మూడు వెడల్పు, ఇరవై పొడవుగా మార్చితే రెండంటే రెండే దారులు మిగులుతాయి. అంటే కష్టం ముక్కల్లోనే లేదు, పెట్టె ఆకారంలోనూ ఉంది. అందుకే సర్దే గేమ్‌లో కూడా ఏదో ఒక లెవెల్ హఠాత్తుగా గడ్డుగా తగులుతుంది. సన్నటి సందులూ వంకర అంచులూ ఉన్న పెట్టె కనబడితే ఆ లెవెల్‌ని నేను రాత్రిపూట ముట్టుకోను.

అలాగని సర్దడంలో బుర్రకి పని లేదనుకోకండి. నాలుగేసి గడుల ఆకారాలు ఐదు ఉంటాయి: కడ్డీ, చతురస్రం, మెట్టు, ఎల్ ఆకారం, టీ ఆకారం. మొత్తం ఇరవై గడులు. నాలుగు, ఐదు కొలతల పెట్టెలో సరిగ్గా పట్టాలి కదా? ఎన్ని రోజులు తిప్పినా పట్టవు. చదరంగం బల్లలా ఆ పెట్టెకు నలుపు తెలుపు రంగులు వేసి చూడండి, పది నల్లవి, పది తెల్లవి వస్తాయి. టీ తప్ప మిగతా నాలుగు ముక్కలూ ఎక్కడ పెట్టినా రెండు నలుపు, రెండు తెలుపు కప్పుతాయి. టీ ఒక్కటే మూడూ ఒకటీ కప్పుతుంది. లెక్క ఎప్పటికీ సరిపడదు. ఈ సంగతి తెలిశాక, పెట్టెలో టీ ఆకారంలో పడుకున్న పిల్లి కనిపిస్తే ఎక్కడో ఇలాగే రంగుల లెక్క తప్పించే ఇంకో పిల్లి ఉండాలని ముందే వెతుకుతాను. దొరికితే ఆ ఇద్దర్నీ మొదట కూర్చోబెట్టి, సులువుగా ఒదిగే పొట్టి పిల్లుల్ని చివరికి దాచుకుంటాను.

ఇంకో మాట. ఆకారాన్ని మనసులో తిప్పి చూసుకోవడం ఉత్తినే జరిగే పని కాదు. షెపర్డ్, మెట్జ్‌లర్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు 1971లో ప్రచురించిన ప్రయోగంలో, రెండు ఆకారాలు ఒకటేనా కాదా అని చెప్పడానికి పట్టే సమయం వాటి మధ్య కోణం పెరిగేకొద్దీ సమానంగా పెరుగుతూ పోయింది. నిజంగా చేత్తో తిప్పుతున్నట్టే మనసు మెల్లగా తిప్పుతుందన్నమాట. 1994లో కిర్ష్, మాగ్లియో అనే పరిశోధకులు టెట్రిస్ (పైనుంచి రాలే ముక్కల్ని తిప్పి పేర్చే గేమ్) ఆడేవాళ్లని గమనించి, వాళ్లు ముక్కని అవసరం కన్నా ఎక్కువసార్లు తిప్పుతున్నారనీ, మనసులో తిప్పుకునే బదులు తెరమీద తిప్పి చూసుకోవడమే తేలికనీ చెప్పారు. సర్దే గేమ్ ఇచ్చే హాయికి మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం. బటన్ నొక్కితే పిల్లి తిరుగుతుంది, దించితే ఆనుతుంది. ఆలోచనలో సగం చేతివేళ్లు చూసుకుంటాయి. పాముపిట్టల దగ్గర ఆ సాయం ఉండదు. పది ఎత్తుల అవతల ఏమవుతుందో మనసులోనే చూడాలి.

మరి జంతువులెందుకు? ఉత్త రంగు ముక్కలైతే ఏం పోయింది? చాలామంది అది ముద్దుకోసం అంటారు. పెద్ద కళ్లు, గుండ్రటి తల చూస్తే మనసు కరుగుతుందని జంతువుల ప్రవర్తనని పరిశీలించిన శాస్త్రవేత్త కొన్రాడ్ లోరెంజ్ 1943లోనే రాశాడు, అది నిజమే. కానీ నాకు కనబడిన లాభం వేరు. ‘అడ్డంగా మూడు, చివర పైకి ఒకటి’ అన్న ముక్క రెండు నిమిషాల్లో మరుపున పడుతుంది. ‘కాలు చాచుకున్న గోధుమరంగు పిల్లి’ మరుపున పడదు. తల ఎటుందో చూస్తే ముక్క ఎటు తిరిగి ఉందో చటుక్కున తెలుస్తుంది. ఇందాక ఇక్కడ ఎవరు పడుకున్నారు అని గుర్తుచేసుకోవడం ఆకారాల్ని గుర్తుపెట్టుకోవడంకన్నా ఎంతో సులువు. పిల్లి ఒళ్లు కూడా ఎలాగైనా వంగుతుంది కాబట్టి వంకర ఆకారం వింతగా అనిపించదు. పాముపిట్టల్లో కూడా ముఖం ముద్దుగానే ఉంటుంది, కానీ అక్కడ అది పజిల్‌కి సాయం చేయదు. పైగా ఆ అమాయకపు కళ్లు ముళ్లమీద పడుతుంటే నాకు మరింత బాధ.

స్నేక్‌బర్డ్‌కి అన్యాయం చేయలేను. రెండు రోజులు ఇరుక్కున్న లెవెల్ ఒకటి, ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ చూస్తుంటే, రెండో పిట్టని మొదటిదానికి మెట్టులా వాడొచ్చని తట్టింది. ఆ క్షణం కలిగిన సంతోషం పిల్లుల్ని సర్దితే ఎప్పుడూ కలగలేదు. అది నిఖార్సైన పజిల్, తీసేయదగ్గ ఒక్క గడి కూడా అందులో ఉండదు. కాకపోతే దానికి తాజా బుర్ర కావాలి. పిట్టలే ఇష్టం, కష్టం వద్దు అనేవాళ్లకు 2019లో స్నేక్‌బర్డ్ చేసినవాళ్లే తెచ్చిన ‘స్నేక్‌బర్డ్ ప్రైమర్’ ఉంది. నియమాలు అవే, మెట్లు చిన్నవి. మొదట అది ఆడి తర్వాత పెద్దదానికి వెళ్లమనే నా సలహా.

మధ్యరకంగా ఉండేవి మూడున్నాయి. 2019 నాటి ‘ఇన్‌బెంటో’లో తల్లిపిల్లీ, దాని కూనా ఉంటాయి. వంటపుస్తకంలో చూపించిన బొమ్మలాగే డబ్బాలో తిండి సర్దాలి. కానీ ఒక ముక్క ఇంకోదాన్ని కప్పేస్తుంది కాబట్టి కొంచెం వరస కూడా చూసుకోవాలి. ఇన్‌బెంటో చేసిన చేతులే 2022లో చేసిన ‘రైల్‌బౌండ్’లో రైలు నడిపేది కుక్కలు. పట్టాలు వంచి, అంకెలున్న పెట్టెల్ని వరసగా ఇంజనుకు తగిలించాలి. ఇది నాకు బాగా నచ్చింది. ఆలోచనంతా పట్టాలు వేసేటప్పుడే, రైలు కదిలాక మనం చూస్తూ కూర్చోవడమే. పెట్టెలు గుద్దుకున్నా పట్టాలు వేసినవి వేసినట్టే ఉంటాయి, తప్పు ఏ మలుపులో ఉందో కళ్లతో చూశాం కదా, ఆ ఒక్కటి మార్చితే చాలు.

అదే ఏడాది వచ్చిన ‘ఎ లిటిల్ టు ది లెఫ్ట్’లో పజిల్ మనుషుల వస్తువులతో, అల్లరి పిల్లితో. పెన్సిళ్లు వరసగా పేరుస్తుంటే పక్కనుంచి పిల్లి పంజా వచ్చి చెదరగొడుతుంది. హింట్ కావాలంటే గీతలతో కప్పిన బొమ్మని రబ్బరుతో చెరిపి చూడాలి, ఎంత కావాలంటే అంతే చెరుపుకోవచ్చు. నచ్చకపోతే దాటేసే వీలూ ఉంది. కొన్నింటికి ఒకటికి మించి సమాధానాలుంటాయి. లోటల్లా, కొన్నిచోట్ల చేసినవాళ్ల మనసులో ఏ వరస ఉందో ఊహించాల్సి రావడం.

ఫోన్లో ఉచితంగా దొరికే పిట్టల, చేపల పజిళ్ల గురించి ఎక్కువ చెప్పను. ఒకటి నెలరోజులు ఆడాను. ప్రతి రెండు లెవెల్స్‌కీ ఒక యాడ్, ఓడితే ప్రాణం తగ్గడం, మళ్లీ ఆడాలంటే అరగంట ఆగమనడం. ఓడితే ఏదో పోతుందన్న భయం పెట్టాక పిట్ట ఎంత అందంగా కూసినా ప్రశాంతత ఉండదు. కొద్ది డబ్బు పెట్టి ఒకసారి కొనుక్కునేదే నయం.

మరి ఏది మేలంటే, పని దింపుకున్న రాత్రికి పిల్లులు, సందేహం లేదు. సెలవురోజు పొద్దున ఖాళీ దొరికితే పాముపిట్టలు. పక్కన చిన్నపిల్లలు కూర్చుంటామంటే పంజా విసిరే పిల్లి, ఎందుకంటే ఆ పంజా వచ్చిన ప్రతిసారీ వాళ్ల నవ్వు ఆగదు. ఒక్కటే కొంటాను అనేవాళ్లకు మాత్రం నేను రైలు కుక్కల్ని చూపిస్తాను. అలసిపోయినా ఆడగలం, బుర్ర చురుగ్గా ఉన్నా విసుగు పుట్టదు.

నా ఫోన్లో ఇప్పుడు స్నేక్‌బర్డ్ లెవెల్ ఒకటి సగంలో ఆగి ఉంది. ఆకుపచ్చ పిట్ట గట్టు అంచున వేలాడుతోంది. దాన్ని ఆదివారందాకా అలాగే ఉండనిచ్చి, ఈ రాత్రికి పెట్టె బయట ఇంకో పిల్లి ఎదురుచూస్తోంది కాబట్టి అటు వెళ్తున్నాను.